సరంగుకు జత

సరంగు తన ఇంటి మెట్లు కూడా అందరికంటే ఆఖరున దిగుతాడు. ఇల్లు రెండో అంతస్తులో ఉంది. ఆసుపత్రికో సినిమాకో కుటుంబమంతా బయల్దేరితే భార్య, కూతురు, అల్లుడు ముందు దిగాలి. ఆయన గుమ్మంలో నిలబడి, ఎవరు ఏ మెట్టు మీద ఎలా కాలు వేస్తున్నారో చూస్తూ, మలుపులో ఆఖరి తల కనబడకుండా పోయాకే తలుపుకు తాళం వేస్తాడు. కింద నుంచి భార్య, "లాంచీ ఖాళీ అయింది, ఇక తమరు దయచేయొచ్చు" అని కేకేస్తుంది. పెళ్లయిన కొత్తలో మొదలుపెట్టిన మాట అది, ఇంకా అంటూనే ఉంది. ఆయన నవ్వడు, విసుక్కోడు. దిగి వస్తాడు.

నది సముద్రంలో కలిసే చోట ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు మనుషులను దాటించే లాంచీకి ఆయన సరంగు. అంటే చుక్కాని పట్టేవాడు, ఎక్కినవాళ్ల పూచీ మోసేవాడు, ఆలస్యమైతే తిట్లు తినేవాడు. నది అక్కడ ఎంత వెడల్పంటే, అవతలి ఒడ్డు మీద నిలబడింది మనిషని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. ఆయన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. భార్య కూడా బయటివాళ్ల దగ్గర "మా సరంగుగారు" అంటుంది. అందులో గౌరవమెంతో వెటకారమెంతో ఆమెకే తెలియాలి. కంపెనీవాళ్లు ఎప్పుడో ఒక తెల్ల టోపీ ఇచ్చారు. అది ఆయన తల మీద కంటే భార్య కుట్టుమిషను పక్కన ఎక్కువ కాలం గడిపింది. అందులో ఆమె గుండీలు వేసుకుంటుంది.

అల్లుడు అదే లాంచీలో ఇంజిను చూస్తాడు. ఇంజిను గదిలో ఉన్నంతసేపూ సరంగు అతన్ని "డ్రైవర్" అంటాడు, ఒడ్డు మీద కాలు పెట్టగానే "అల్లుడుగారూ" అంటాడు. ఈ తేడా ఆయన ఎన్నడూ మర్చిపోలేదు. అల్లుడు మాత్రం నీటి మీదా నేల మీదా "మావయ్యా" అనే అన్నాడు.

ఆ లాంచీలో ఒక పద్ధతి ఉంది. చుట్టుపక్కల ఇంకే లాంచీలోనూ లేదు. తాడు విప్పే ముందు సరంగు చుక్కాని గదిలోంచి తల బయటపెట్టి, "జతలు చెప్పండి" అంటాడు. ఎక్కిన ప్రతి మనిషీ తన జత ఎవరో చూపించాలి. కలిసి వచ్చినవాళ్లయితే గొడవ లేదు. ఒంటరిగా వచ్చినవాళ్లను ఆయనే జత కడతాడు. "గళ్ల చొక్కా ఆయనా, మీకు ఆ గొడుగు ఆవిడ." అంతే. అవతలి ఒడ్డు చేరేదాకా గళ్ల చొక్కా క్షేమం గొడుగు ఆవిడ చూసుకోవాలి, గొడుగు ఆవిడ క్షేమం గళ్ల చొక్కా చూసుకోవాలి. మాట్లాడుకోనక్కర్లేదు, పక్కపక్కన కూర్చోనక్కర్లేదు. దిగేటప్పుడు మాత్రం జత కళ్లబడితేనే ఒడ్డుకు వేసిన బల్ల మీద కాలు పెట్టాలి. జతను వదిలేసి ఎవరూ దిగడానికి వీల్లేదు.

దీనికి కారణం ఆయన అడిగితేనే చెబుతాడు, అదీ ముక్తసరిగా. ఆయన ఇంకా తాళ్లు విసిరే పనిలో ఉన్న రోజుల్లో, వేరే సరంగు దగ్గర, ఒంటరి ప్రయాణికుడు ఒకడు దారి మధ్యలో వెనక వైపు నుంచి నీళ్లలో పడిపోయాడు. ఎవరూ చూడలేదు. అవతల అందరూ దిగిపోయారు, లాంచీ తిరిగొచ్చింది, మళ్లీ వెళ్లింది. మర్నాడు శవం ఒడ్డుకు కొట్టుకొచ్చేదాకా ఒక మనిషి తగ్గాడని ఎవరికీ తెలియలేదు. ఆ తర్వాత టిక్కెట్లు లెక్కపెట్టి చూసుకోవాలని రూలొచ్చింది. సరంగు ఆ రూలు పాటిస్తాడు గానీ నమ్మడు. లెక్క తప్పుతుందని, పక్కవాడు లేడన్న సంగతి పక్కవాడికి మాత్రం తప్పకుండా తెలుస్తుందని ఆయన వాదన.

జనం మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, ఆ తర్వాత అలవాటుపడ్డారు. ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కిన బావాబావమరుదులిద్దరు వాయిదా రోజున ఒకే లాంచీ ఎక్కితే ఆయన వాళ్లిద్దరినీ జత కట్టాడు. ఒకరు మునిగితే రెండోవాడి మీదే అనుమానం వస్తుంది కాబట్టి ఒకరినొకరు కంటికి రెప్పలా కాచుకుంటారని చెప్పాడు. వాళ్లు నిజంగానే కాచుకున్నారు. దెబ్బలాడుకుని ఎక్కిన మొగుడూ పెళ్లాలు వేరే జతలు అడిగితే ఇచ్చాడు, తిరుగు ప్రయాణంలో మాత్రం ఇవ్వలేదు. ఆసుపత్రి నర్సుకు జత పడాలని రోజూ ఆమె వెనకే ఎక్కే ఒక పోస్టాఫీసు గుమస్తాను నెల రోజులు వరసగా సిమెంటు వ్యాపారితో జత కట్టాడు. ఆ వ్యాపారి కూర్చుంటే బెంచీ రెండో కొస గాల్లోకి లేస్తుంది. నర్సు ఆఖరికి ఆ గుమస్తానే చేసుకుంది. ఆ వ్యవహారం నడిచింది ఒడ్డు మీద కాబట్టి తనకు సంబంధం లేదని సరంగు అంటాడు.

ఎక్కినవాళ్లు సరిసంఖ్యలో ఉంటే ఇబ్బంది లేదు. బేసి అయితే ఒకరు మిగులుతారు. ఆ మిగిలిన మనిషికి సరంగే జత.

అలా మిగిలేది దాదాపు ఎప్పుడూ ఒకే మనిషి. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన ఆవిడ. ఎక్స్ఛేంజి మూతపడి చాలా కాలమైనా ఊరంతా ఆవిడను "హలో అక్కయ్య" అనే పిలుస్తుంది. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగినవాళ్లను, "నువ్వెందుకు చేసుకున్నావు?" అని అడిగేది. చాలామంది దగ్గర జవాబు ఉండేది కాదు. ఆవిడ చెల్లెలు అవతలి ఒడ్డున ఉంటుంది. రోజూ పొద్దున దాటి వెళ్లి, మధ్యాహ్నం దాకా చెల్లెలితో పోట్లాడి, అక్కడే భోంచేసి వెనక్కి వస్తుంది. పోట్లాట లేని రోజు ఇద్దరిలో ఎవరికో ఒంట్లో బాగాలేదని అర్థం. ఆవిడకు మోకాలి నొప్పి కూడా ఉంది. కిటికీ పక్క సీటు ఖాళీ లేనప్పుడు ఆ నొప్పి కాస్త పెరిగేది.

హలో అక్కయ్య లాంచీకి ఎప్పుడూ ఆఖరున వస్తుంది. జతలు కట్టడం అయిపోయి, బల్ల తీయబోతుండగా వచ్చి దాని మీద కాలు పెడుతుంది. అప్పుడు రోజూ ఒకటే సంభాషణ, అక్షరం మారకుండా.

"అక్కయ్యగారూ, మీకు జత ఎవరు?"

"నాకెందుకయ్యా జత? ఇన్నేళ్లూ ఒక్కదాన్నే బతకలేదూ?"

"ఒడ్డు మీద మీ ఇష్టం. లాంచీలో కుదరదండీ."

"అయితే నువ్వే ఉండు."

అవతల దిగేటప్పుడు ఆవిడ బల్ల దగ్గర ఆగి, చుక్కాని గది వైపు తిరిగి చెయ్యెత్తుతుంది. సరంగు ఒకసారి పొట్టిగా హారన్ కొడతాడు. జత కనబడినట్టు లెక్క. ఆవిడ దిగిపోతుంది, అందరూ దిగాక ఆఖరున సరంగు దిగుతాడు. ఏళ్ల తరబడి ఇలాగే జరిగింది. సరంగు ఆఖరున దిగాలన్నది ఒక నియమం, జతను వదిలి దిగకూడదన్నది ఇంకో నియమం. రెండూ ఆయన ప్రాణం పెట్టినవే. అవి రెండూ ఒకదానికొకటి అడ్డం తగిలే రోజు ఒకటి రావచ్చని ఆయనకెన్నడూ తట్టలేదు.

ఆ రోజు పొద్దున ఆకాశంలో మబ్బు లేదు. వాన ఎక్కడో పైన, కొండల్లో పడింది. నది ఎర్రగా, ఒండ్రుతో, చెట్ల మొద్దులను మోసుకుంటూ వస్తోంది. సరంగు వాటిని తప్పించుకుంటూ సగం దూరం దాటాడు. నానిపోయి నీటి మట్టానికి కొంచెం కిందగా వస్తున్న మొద్దు ఒకటి మాత్రం పైకి కనబడలేదు. అది తగిలినప్పుడు పెద్ద చప్పుడేం కాలేదు. బెంచీ కింద నుంచి ఎవరో కాలితో తన్నినట్టు అనిపించిందని తర్వాత చాలామంది చెప్పారు.

అల్లుడు ఇంజిను గదిలోంచి పైకొచ్చాడు. మోకాళ్ల దాకా తడిసి ఉన్నాడు. "మావయ్యా, ఇది ఆగేది కాదు" అన్నాడు. సరంగు ఏమిటని అడగలేదు. ఇంజిను నడిచినంతసేపు పూర్తి వేగంతో నడపమని చెప్పాడు. రేవు వైపు తిప్పితే దారంతా లోతు. ఎడమ పక్కన, నీళ్లు తీసినప్పుడు మాత్రమే బయటపడే ఇసుక మేట ఒకటుంది. దాని మీదికి తిప్పాడు. ఒక చెయ్యి చుక్కాని మీద, రెండో చెయ్యి హారన్ మీద. హారన్ మీది చెయ్యి తియ్యలేదు. ఆ మోత విని వలలు వేసుకుంటున్న పడవలవాళ్లు తలలెత్తారు.

లాంచీ ఇసుక మీదికి ఎక్కి, ఒక పక్కకు ఒరిగి ఆగింది. మనుషులు ఒకరి మీద ఒకరు పడ్డారు. కిందిభాగంలో నీళ్లు నిండుతున్నాయి. పోటు సమయం కావడంతో సముద్రపు నీరు పైకి ఎగదన్నుతోంది, ఇటు నది కిందికి తోస్తోంది. వెనక భాగం కింద ఇసుక కరిగిపోవడం కాళ్లకు తెలుస్తోంది. సరంగు చుక్కాని గది దిగి, రెయిలింగు తెరుచుకునే చోట నిలబడ్డాడు. లైఫ్ జాకెట్లు అందరి చేతా వేయించాడు. మూడు వల పడవలు వచ్చి పక్కన చేరేసరికి ఆయన గొంతు పెంచకుండా రోజూ అనే మాటే అన్నాడు.

"జతలుగా రండి."

జనం జతలుగా వచ్చారు. ఏడుస్తూ వచ్చారు, ఒకరి చెయ్యి ఒకరు నొక్కిపట్టుకుని వచ్చారు, కానీ జతలుగా వచ్చారు. చేపల కాంట్రాక్టరు ఒకాయన మాత్రం అందరినీ తోసుకుంటూ ముందుకొచ్చాడు. సరంగు ఆయన్ను ఆపలేదు, తిట్టలేదు. "మీ జతేరీ?" అని అడిగాడు. కాంట్రాక్టరు వెనక్కి చూశాడు. ఆయనకు జతగా కట్టిన కాలేజీ అమ్మాయి, ఒరిగిపోయిన పక్కన, బెంచీని కావలించుకుని కదలకుండా కూర్చుని ఉంది. నీళ్లు ఆమె నడుము దాకా వచ్చాయి. ఆయన మళ్లీ ఆ వాలులో జారుకుంటూ వెళ్లి, ఆమె వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి, ఎత్తుకుని తీసుకొచ్చాడు. ఈ సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ అమ్మాయి చెప్పింది.

రెండో పడవలో పిల్లలు ఎక్కువగా ఉన్నారు. వాళ్లను పట్టుకోవడానికి అల్లుడినీ తాళ్లు విసిరే మనిషినీ ఎక్కమన్నాడు. అల్లుడు కదల్లేదు. "ఎక్కు డ్రైవర్" అన్నాడు సరంగు. అతను ఎక్కాక మాత్రం గొంతు తగ్గించి, "అల్లుడుగారూ, మీ అత్తయ్యకు చెప్పండి" అన్నాడు. ఏం చెప్పమంటావని అల్లుడు అడిగేలోపే అటు తిరిగిపోయాడు. ఆ మాట పక్కనే నిలబడ్డ హలో అక్కయ్య వింది.

మూడో పడవ అన్నిటికంటే చిన్నది. దాని యజమాని ముసలి జాలరి. రెండు చేతులతో గెడను ఇసుకలో గుచ్చి, పడవ కొట్టుకుపోకుండా ఆనుకుని నిలబడ్డాడు. అందులో అప్పటికే కొందరు కూర్చున్నారు, ఎక్కువమంది వయసు మళ్లినవాళ్లు. లాంచీలో ఇక ఇద్దరే మిగిలారు.

ఇద్దరూ రండి, చోటుంది అన్నాడు జాలరి. సరంగు పడవ అంచుకూ నీటికీ మధ్య ఎంత ఎడముందో చూశాడు. ఒక్కరికి మించి పట్టదనిపించింది. ఆవిడను తీసుకెళ్లమని, తన కోసం మళ్లీ రమ్మని చెప్పాడు.

"నాకు జత ఎవరయ్యా?" అంది హలో అక్కయ్య.

"నేనే అండీ. ముందు దిగండి."

"జతను వదిలి దిగకూడదని ఇన్నేళ్లూ మా ప్రాణాలు తీసింది ఎవరు?"

"సరంగు ఆఖరున దిగాలి అక్కయ్యగారూ."

"అది నీ రూలు. ఇదీ నీ రూలే. రెండిట్లో ఏదో ఒకటి చెప్పు, నిలబడలేకపోతున్నాను."

లాంచీ కింద ఏదో కదిలింది. హలో అక్కయ్య రెయిలింగు పట్టుకుని ఒక కాలు ముందుకు పెట్టబోయి ఆగింది. "మోకాలు వంగడం లేదయ్యా. కింద నుంచి ఎవరో ఒకరు పట్టుకోవాలి" అంది. జాలరి చేతులు రెండూ గెడ మీద ఉన్నాయి. పడవలో కూర్చున్న ముసలివాళ్లు తమను తాము పట్టుకుంటే చాలు. సరంగు ఒకసారి ఆవిడ మోకాలి వైపు, ఒకసారి నీటి వైపు చూశాడు. తర్వాత పడవలోకి దూకి, వెనక్కి తిరిగి రెండు చేతులూ చాపాడు. "రండి" అన్నాడు.

ఆవిడ వచ్చింది. పడవ మునగలేదు. జాలరి గెడ పీకాడు. వాళ్లు పక్కకు జరిగారో లేదో లాంచీ వెనక భాగం లేచింది, మొత్తం ఇసుక మీది నుంచి జారి, లోతు వైపు పూర్తిగా పొర్లింది. చుక్కాని గది నీళ్లలోకి వెళ్లిపోవడం అందరూ చూశారు. కాసేపటికి హలో అక్కయ్య, "కొంచెం అటు జరుగు, ఇరుగ్గా ఉంది" అంది.

ఎక్కినవాళ్లంతా బతికారు. రేవులో జనం సరంగును ఎత్తుకున్నంత పని చేశారు. పత్రికలు ఆఖరి మనిషిని దింపాకే దిగిన సరంగు అని రాశాయి. భార్య పొడి బట్టలు తీసిచ్చింది. ఆ రోజు మెట్లెక్కేటప్పుడు మాత్రం ఆయన్ను ముందు ఎక్కించి, ఆమె వెనక ఎక్కింది.

తర్వాత విచారణ జరిగింది. పోర్టు ఆఫీసులో, ఫ్యాను తిరుగుతూ కిరకిరలాడే ఒక గదిలో. విచారణ చేసిన అధికారిణి ఓపికగల మనిషి, ఎవరినీ తొందరపెట్టలేదు. ఆఖరున దిగింది ఎవరన్నది ఆవిడ అడగాల్సిన ప్రశ్నల్లో ఒకటి. సరంగు అని అల్లుడు చెప్పాడు, ప్రయాణికులూ అదే చెప్పారు. ఇద్దరూ కలిసే దిగారన్నాడు జాలరి. తాను కళ్లు మూసుకున్నానని చెప్పింది హలో అక్కయ్య. సరంగు వంతు వచ్చింది.

"ఆవిడ ఆఖరున దిగారండీ" అన్నాడు.

అధికారిణి కలం పక్కన పెట్టి, బాగా గుర్తు చేసుకోమంది. ఆయన గుర్తు చేసుకోవాల్సిందేమీ లేదన్నాడు. "నేను పడవలో ఉన్నాను, ఆవిడ లాంచీలో ఉన్నారు. ఎంతసేపని అడగకండి. ఉన్నారు."

అధికారిణి అలాగే రాసుకుంది. ఆ మొద్దును తప్పించడం ఎవరి వల్లా అయ్యేది కాదని, ఇసుక మేట మీదికి తిప్పడం వల్లే ఇంతమంది బతికారని, ఆయన తప్పేమీ లేదని తేల్చింది. లైసెన్సు ఆయన దగ్గరే ఉంది.

కానీ ఆయన మళ్లీ లాంచీ ఎక్కలేదు. కంపెనీ ఇంకో లాంచీ తెచ్చింది, కబురు పంపింది. వేరేవాళ్లను పెట్టుకోండన్నాడు. మేనేజరు ఇంటికొచ్చి కూర్చుంటే టీ ఇచ్చి అదే మాట చెప్పాడు. వేరే సరంగు వచ్చాడు. మంచివాడు, మర్యాదస్తుడు, టిక్కెట్లు సరిగ్గా లెక్కపెడతాడు. జతలు అడగడు. అల్లుడు ఆ లాంచీకే వెళ్లాడు.

ఇంట్లో సరంగుకు చేయడానికేమీ లేదు. పొద్దున లేచి గుమ్మంలో చెప్పులు జతలుగా సర్దేవాడు. మధ్యాహ్నం గిన్నెలకు మూతలు వెతికి జత చేసేవాడు. ఒకరోజు భార్య టోపీలోని గుండీలన్నీ బల్ల మీద పోసి, రంగూ సైజూ చూసి జతలు కట్టి, మిగిలిన ఒంటరి గుండీని చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. భార్య కుట్టుమిషను ఆపి చూసింది. ఆ గుండీ లాక్కుని టోపీలో పడేసింది.

"తప్పు లేదన్నారుగా. ఇంకేం కావాలి మీకు?" అని అడిగింది.

"నేను దిగాక, ఆవిడ ఇంకా దిగకముందు అది పొర్లి ఉంటే?"

"పొర్లలేదుగా."

"పొర్లి ఉంటే నేను కింద చేతులు చాపుకుని నిలబడి ఉండేవాణ్ని. అంతే."

ఆమె మళ్లీ కుట్టుమిషను తొక్కింది. ఆ సాయంత్రం కూతురితో మాత్రం, "మీ నాన్న ఇంకా దిగలేదే. ఆ లాంచీలోనే నిలబడి ఉన్నాడు" అంది. కుట్టుపని చేసే మనిషి, సూటిగా మాట్లాడుతుంది. చుక్కాని పట్టడం తప్ప ఇంకేదీ రాని మనిషిని, ఆ పని మానేశాక ఇంట్లో ఎలా ఉంచుకోవాలో ఆమెకు తెలియలేదు. రోజూ లాంచీ బయల్దేరే వేళకు ఆయన కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. హారన్ వినబడేది. మెడ అటు తిరిగేది, మళ్లీ ఇటు తిరిగేది.

ఇంతలో అల్లుడు ఇంకో వార్త తెచ్చాడు. హలో అక్కయ్య నది దాటడం మానేసింది. భయపడిందని రేవులో అందరూ అనుకుంటున్నారు. అల్లుడికి అలా అనిపించలేదు. ఎందుకంటే ఆవిడ రోజూ వస్తోంది. ఎప్పటిలాగే ఆఖరున, బల్ల తీయబోతుండగా వస్తుంది. బల్ల మీద కాలు పెట్టి, నాకు జత ఎవరని అడుగుతుంది. కొత్త సరంగు, టిక్కెట్టు ఉంది కదమ్మా, ఎక్కండి అంటాడు. ఆవిడ కాలు వెనక్కి తీసుకుని ఇంటికి వెళ్లిపోతుంది. చెల్లెలితో ఫోన్లో పోట్లాడుతోందట గానీ, మొహం చూడకుండా తిట్టుకోవడంలో ఇద్దరికీ తృప్తి లేదట. ఆ పూట సరంగు అన్నం సగంలో లేచాడు.

ఒక ఆదివారం పొద్దున హలో అక్కయ్యే వాళ్లింటికి వచ్చింది. ఆవిడ ఆ ఇంటికి రావడం అదే మొదటిసారి. భార్య కుర్చీ మీది గుడ్డలు తీసి కూర్చోబెట్టి, టీ పెట్టడానికి వెళ్లింది. హలో అక్కయ్య గదంతా చూసింది, గుండీల టోపీని చూసింది, సరంగును చూసింది.

"ఎన్నాళ్లిలా కూర్చుంటావు? అవతల మా చెల్లెలు తిట్టేవాళ్లు లేక ఒళ్లు చేస్తోంది" అంది.

సరంగు తన మనసులోది చెప్పాడు. ఆవిడను లాంచీలో వదిలి తాను దిగానని, అది చేసిన మనిషి మళ్లీ జనాన్ని ఎక్కించుకుని జతలు చెప్పమని అడగడానికి నోరు రాదని చెప్పాడు.

"వదిలావా? చేతులు చాపుకుని నిలబడ్డావు. వదిలేసేవాళ్లు అలా నిలబడతారా?"

"ఆఖరున దిగలేదు కదండీ."

ఆవిడ ఇంకా ఏదో అనబోయి మానుకుంది. టీ తాగింది. బావుందని భార్యకు చెప్పింది. సంచీ, గొడుగు తీసుకుని లేచింది. "నీతో వాదించడం కంటే మా చెల్లెలే నయం. అదైనా మధ్యలో ఓడిపోతుంది" అని గుమ్మం దాటింది.

సరంగు అలవాటు చొప్పున లేచి గుమ్మంలోకి వెళ్లాడు. అతిథి అయినా ఎవరైనా మెట్లు దిగుతుంటే ఆయన చూడాలి. హలో అక్కయ్య దిగుతోంది. ఒక చేతిలో సంచీ, ఒక చేతిలో గొడుగు. రెయిలింగు పట్టుకోలేదు. రెండు మోకాళ్లూ ఒకేలా వంగుతున్నాయి. ఏ మెట్టు దగ్గరా ఆగలేదు, ఏ కాలూ ఈడ్వలేదు. సరంగు రెండోసారి చూశాడు. రేవులో బల్ల మీద ఎప్పుడూ ఎవరో ఒకరు ఆవిడకు చెయ్యందించేవారు. ఆవిడ మెట్లు దిగడం ఆయన ఇలా తీరిగ్గా చూడటం ఇదే మొదలు.

"అక్కయ్యగారూ," అన్నాడు. "మోకాలు?"

ఆవిడ ఆగలేదు, తల తిప్పలేదు.

"ఏ మోకాలు?" అంది. మలుపులో తల కనబడకుండా పోయింది.

సరంగు అక్కడే నిలబడిపోయాడు. ఎంతసేపటికీ లోపలికి రాకపోతే భార్య వెళ్లి చూసింది. ఆయన మొహం ఎర్రగా ఉంది. విచారణ తర్వాత ఆయనకు కోపం రావడం ఆమె చూడలేదు, అందుకని కొంచెం సంతోషించింది.

"ఆవిడ మోకాలికి ఏమీ కాలేదు" అన్నాడు. "ఆ రోజు నేను ఆవిడను దింపి లాంచీలోనే ఉండిపోదామనుకున్నాను. ఆవిడకది తెలుసు. నన్ను ముందు దింపడానికి మోకాలు అడ్డం పెట్టింది. సరంగుతో, లాంచీలో, అబద్ధం ఆడింది."

ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. చుక్కాని గది ఎలా పొర్లిందో జాలరి ఆమెకు చెప్పాడు. ఆమె గుమ్మం పట్టుకుంది. అయినా మామూలు గొంతుతోనే మాట్లాడింది.

"జతను కనిపెట్టుకోమని చెప్పింది మీరే. కనిపెట్టుకుంది. మీరొక్కరే అందరినీ చూడాలి, మిమ్మల్ని ఎవరూ చూడకూడదా?"

"అబద్ధం ఆడొచ్చా?"

"ఆ మాట ఆవిడనే అడగండి. రేపు లాంచీ దగ్గరికి వస్తుందిగా."

సాయంత్రం అల్లుడొస్తే సరంగు, కొత్త లాంచీ చుక్కాని బరువుగా ఉందా తేలికగా ఉందా అని అడిగాడు. హారన్ ఎలా మోగుతుందని అడిగాడు. అల్లుడు అత్తయ్య వైపు చూశాడు. ఆమె కుట్టుమిషను మీది నుంచి తల ఎత్తలేదు.

మర్నాడు పొద్దున ఆమె గుండీలన్నీ ఒక గిన్నెలోకి వంపి, టోపీ దులిపి ఇచ్చింది. ఆయన గుండీలను మళ్లీ టోపీలోనే పోసి వెళ్లిపోయాడు. మెట్ల దగ్గర అల్లుడిని ముందు దిగమన్నాడు.

రేవులో మేనేజరుకు ఒక్క మాటలో చెప్పాడు. కొత్త సరంగు మధ్యాహ్నం నుంచి చూసుకుంటానని సంతోషంగా పక్కకు తప్పుకున్నాడు. జనం ఎక్కారు. సరంగు చుక్కాని గదిలోంచి తల బయటపెట్టేసరికి లాంచీలో మాటలు ఆగిపోయాయి.

"జతలు చెప్పండి" అన్నాడు.

ఒక్కొక్కరే చెప్పారు. ఒంటరివాళ్లను ఆయన జత కట్టాడు. సిమెంటు వ్యాపారికి పోస్టాఫీసు గుమస్తా పడ్డాడు. బల్ల తీయబోతుండగా హలో అక్కయ్య వచ్చి దాని మీద కాలు పెట్టింది. పైకి చూసింది.

"నాకు జత ఎవరయ్యా?"

"ముందు ఎవరి చెయ్యీ పట్టుకోకుండా ఎక్కండి. మోకాలు చూడాలి."

"నువ్వేమైనా డాక్టరువా?" అని ఆవిడ చెయ్యందించబోయిన మనిషిని పక్కకు నెట్టి, బల్ల మీద నడిచి ఎక్కేసింది. కిటికీ పక్క సీటులో ఉన్నాయన మర్యాదగా లేచి నిలబడ్డాడు.

తాడు విప్పారు. ఆ పొద్దున లాంచీ ఎక్కినవాళ్లు ముప్పై ఏడుగురు. బేసి.